గ్రాఫిక్స్ కార్డు కొనుటకు ముందు

గత వేసవిలో ఒక సాయంకాలము మా అన్నగారి అబ్బాయి పెద్ద అట్టపెట్టె నొకదానిని రెండు చేతులతో పట్టుకొని మా ఇంటికి వచ్చెను. అతడు ఆర్కిటెక్చరు నాలుగవ సంవత్సరము చదువుచున్నాడు. భవనముల నమూనాలను కంప్యూటరు తెరపై గీచి, వాటికి వెలుగునీడలు కల్పించి, నిజమైన ఇంటిలో నడచుచున్నట్లు చూపుట ఇప్పుడా చదువులో తప్పనిసరి అయినది. ఇంటనున్న కంప్యూటరుపై ఒక్కొక్క చిత్రము తయారగుటకు రాత్రియంతయు పట్టుచుండెను. నమూనాలు కాలేజీలో ఒప్పగించుటకు మూడు వారములే గడువు కలదు. ఇల్లు వెల్ల వేయించుటకు దాచిన సొమ్మును మా అన్నగారు కొడుకు చేతిలో పెట్టిరి. అతడు సికిందరాబాదులోని కంప్యూటరు దుకాణములన్నియు తిరిగి, ఒకచోట బేరము కుదిరి, జీఫోర్స్ ఆర్.టి.ఎక్స్. 3060 అను గ్రాఫిక్స్ కార్డును కొని తెచ్చెను.

“స్లాటు అన్నిట్లోనూ ఒకటే బాబాయ్. నేను చూసుకునే కొన్నాను. పది నిమిషాల పని” అని అతడు స్క్రూడ్రైవరు అడిగెను.

కంప్యూటరు మూత విప్పితిమి. అతడు చెప్పినది నిజమే, స్లాటు ఒకటే. కాని ఆ కంప్యూటరు ఆఫీసులలో బల్లపై పడుకొనబెట్టు సన్నరకపు పెట్టె. ఏదో కంపెనీ మార్చివేసిన యంత్రములను శుభ్రపరచి అమ్మువారివద్ద రెండేండ్ల క్రిందట కొన్నది. కార్డును స్లాటుపై నిలిపి చూడగా అది పెట్టె అంచును దాటి నాలుగు వ్రేళ్ల ఎత్తున పైకి నిలిచినది. మూత పడదు. “మూత లేకుండానే నడుపుకుంటాను” అని అబ్బాయి ధైర్యము చెప్పెను. సరే, కార్డునకు కరెంటు ఎక్కడినుండి వచ్చునని వెదకితిమి. కార్డు నెత్తిన ఎనిమిది పిన్నుల నోరొకటి తెరచుకొని యున్నది. దానిలో పెట్టదగిన తీగ పెట్టెలో ఎక్కడను లేదు. లోపలి ఎస్.ఎం.పి.ఎస్. పై అంటించిన చీటీలో 310 వాట్లని వ్రాసియున్నది. కార్డు పెట్టెపై చూడగా ఆ కార్డునకు 550 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. ఉండవలెనని తయారీదారులు అచ్చువేసి యుండిరి. ఆ అక్షరములు చిన్నవి, పెట్టెమీద బొమ్మ పెద్దది. అబ్బాయి బొమ్మను చూచెను.

ఇది ఆ యొక్క అబ్బాయికి కలిగిన చిక్కు కాదు. కార్డు కొందుమా వద్దా అని మమ్మడుగు శ్రోతలలో చాలమంది మొదట స్లాటును గురించియే అడుగుచున్నారు. ఇరువదియేండ్ల క్రిందట అది అడుగవలసిన ప్రశ్నయే. ఇప్పుడు స్లాటు విషయమున పొరపాటు పడువారు తక్కువ. స్లాటు సరిపోయినది గదా యని తక్కిన నాలుగు సంగతులను చూడకుండ సొమ్ము చెల్లించువారు ఎక్కువ.

వాల్వు రేడియోలు ఇండ్లలోనున్న రోజులను ఎరిగిన పెద్దలకు ఈ సంగతి సులభముగ బోధపడును. ఎనిమిది కాళ్ల వాల్వులు ఎన్నియో రకములుండెడివి. కాళ్లు ఎనిమిదే, సాకెట్టు ఒకటే, ఏది పెట్టినను దిగెడిది. కాని 6వి6 అను వాల్వులోని తీగ వేడెక్కుటకు 6.3 వోల్టులు కావలెను. 50ఎల్6 అను దానికి 50 వోల్టులు కావలెను. అమెరికా పద్ధతి పేర్లలో మొదటి అంకె ఆ వోల్టులనే తెలుపును. సాకెట్టులో దిగినది గదా యని ఒకదాని స్థానమున మరియొకటి పెట్టినవారికి రేడియో పాడదు, వాల్వు దక్కకపోవుటయు కలదు. గ్రాఫిక్స్ కార్డు సంగతియు అట్టిదే. దిగుట వేరు, పొసగుట వేరు.

స్లాటును గురించి ముందుగ చెప్పి ముగింతుము. నేటి కార్డులు కూర్చుండు స్లాటునకు పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ అని పేరు. 2004 ప్రాంతమున అది బజారులోనికి వచ్చి, 1997 నుండి వాడుకలోనున్న ఏ.జి.పి. అను పాత స్లాటును క్రమముగ తొలగించినది. మీ మదర్‌బోర్డుపై నున్నవాటిలో మిక్కిలి పొడవైన స్లాటే గ్రాఫిక్స్ కార్డుది. దీనిలో రెండవ తరము, మూడవ తరము, నాలుగవ తరము, అయిదవ తరము అని భేదములున్నను, పాత బోర్డులో కొత్త కార్డు పనిచేయును, కొత్త బోర్డులో పాత కార్డును పనిచేయును. రెండింటిలో నెమ్మదియైనదాని వేగముననే రాకపోకలు సాగును. సాధారణముగ ఈ వేగభేదము వలన కలుగు నష్టము స్వల్పము.

ఒక్క జాగ్రత్త మాత్రము కలదు. స్లాటులో పదునారు దారులున్నను అన్ని కార్డులును పదునారింటిని వాడుకొనవు. ధర తగ్గించుటకై కొన్ని కార్డులను ఎనిమిది దారులతోను, కొన్నింటిని నాలుగు దారులతోను చేయుచున్నారు. 2022 జనవరిలో ఏ.ఎం.డి. కంపెనీ విడుదల చేసిన రేడియాన్ ఆర్.ఎక్స్. 6500 ఎక్స్.టి. నాలుగు దారుల కార్డు. నాలుగవ తరపు బోర్డులో ఆ నాలుగు దారులును సరిపోవచ్చును. మూడవ తరపు బోర్డులో ఒక్కొక్క దారి వేగము సగమే కావున, కార్డు తన శక్తిని పూర్తిగ చూపలేదు. చవుక కార్డును కొనువారు సాధారణముగ పాత బోర్డు గలవారే యగుట ఇందలి వింత. చవుకదియని తీసికొనుటకు ముందు దారుల సంఖ్య ఎంతయో చూచుకొనుట మంచిది.

ఇక అసలు సంగతి, కరెంటు. దీనిని గురించి కొంచెము తీరికగ చెప్పవలసియున్నది. ఏలయన కార్డు పట్టకపోయినచో దుకాణమునకు త్రిప్పి పంపవచ్చును. కరెంటు చాలకపోయినచో యంత్రము మొత్తము చెడవచ్చును.

గోడ ప్లగ్గునుండి వచ్చు 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగ మార్చి పెట్టెలోని భాగములకు పంచు డబ్బానే మన బజారులో ఎస్.ఎం.పి.ఎస్. అందురు. పెట్టె మొత్తమునకు సి.పి.యు. అనియు, ఈ డబ్బాకు ఎస్.ఎం.పి.ఎస్. అనియు పేర్లు మన దేశమున స్థిరపడినవి. మొదటి పేరు తప్పు, సి.పి.యు. అనునది లోపల నున్న ఒక్క ప్రాసెసరు మాత్రమే. కాని దుకాణమునకు పోయి వాదింపవలసిన పని లేదు.

స్లాటు తనంత తాను కార్డునకు 75 వాట్లవరకే ఇయ్యగలదు. అంతకంటె ఎక్కువ కావలసిన కార్డులకు ఎస్.ఎం.పి.ఎస్. నుండి వేరుగ తీగ రావలెను. ఆరు పిన్నుల తీగ 75 వాట్లను, ఎనిమిది పిన్నుల తీగ 150 వాట్లను మోయునట్లు నిర్ణయించిరి. ఆర్.టి.ఎక్స్. 3060 కు 170 వాట్లు కావలెను గనుక ఎనిమిది పిన్నుల తీగ యొకటి చాలును. ఆర్.టి.ఎక్స్. 4090 కు 450 వాట్లు కావలెను. 2025 లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 5090 కు 575 వాట్లు కావలెను. దానికి తయారీదారులు సూచించిన ఎస్.ఎం.పి.ఎస్. 1000 వాట్లది. ఇంటిలో చిన్న ఇస్త్రీపెట్టె కాల్చునంత కరెంటది. అట్టివి మనలో ఎక్కువమందికి అక్కరలేదు.

పాఠకులలో లెక్కలు వేయువారు ఇచ్చట ఒక ప్రశ్న వేయుదురు. కార్డునకు 170, ఇంటెల్ ఐ5-12400 వంటి ప్రాసెసరు గరిష్ఠముగ 117, డిస్కులు ఫ్యానులు మొదలగు వాటికి ఒక యాబది. మొత్తము 337 గదా, 550 ఎందులకు? రెండు కారణములు గలవు. మొదటిది, కార్డు చెప్పిన వాట్లు సరాసరి లెక్క. దృశ్యము హఠాత్తుగ మారినపుడు సెకనులో వేయవవంతుకంటె తక్కువ కాలముపాటు కార్డు అంతకంటె చాల ఎక్కువ లాగవచ్చును. ఆ క్షణమున ఎస్.ఎం.పి.ఎస్. తాళలేక తన్ను తాను కాపాడుకొనుటకై ఆరిపోవును. యజమాని చూచినది మాత్రము ఆట నడుమనో, చిత్రము సగముననో తెర నల్లబడుట. ఈ ఇబ్బంది ముదిరినందుననే 2022 లో ఏ.టి.ఎక్స్. 3.0 అను కొత్త నియమావళి వచ్చినది. సెకనులో పదివేలవ వంతు కాలము రెట్టింపు బరువును ఎస్.ఎం.పి.ఎస్. ఓర్వవలెనని అందు పొందుపరచిరి.

రెండవ కారణము మన బజారునకు దగ్గరది. చీటీపై పెద్ద అక్షరములలోనున్న వాట్లు అన్నియు కార్డునకు చేరవు. కార్డును ప్రాసెసరును బ్రతుకునది 12 వోల్టుల వరుసపైననే. చీటీలో ఆ వరుసకు ఎన్ని ఆంపియర్లో చూచి, పండ్రెండుతో హెచ్చవేయుడు. 450 వాట్లని పెద్దగ వ్రాసి, 12 వోల్టుల వరుసకు 18 ఆంపియర్లు మాత్రమే ఇచ్చిన డబ్బా నొకదానిని ఊహింతము. పండ్రెండు పదునెనిమిదులు 216. మనకు పనికివచ్చునది ఆ 216 వాట్లే. మిగిలినది 5, 3.3 వోల్టుల వరుసలపై నున్న అలంకారము. క్యాబినెట్టుతోబాటు ఉచితముగ వచ్చు డబ్బాలను ఈ లెక్కతో చూడకుండ నమ్మరాదని మా అభిప్రాయము. 80 ప్లస్ అను ముద్ర ఉన్నదిగదా యని కొందరందురు. ఆ ముద్ర కరెంటు ఎంత తక్కువ వృథా యగునో తెలుపునే గాని, ఎంత బరువు మోయునో తెలుపదు.

తీగల విషయమున మూడు ప్రమాదములు గలవు. ఇవి మేము విన్నవి కొన్ని, చూచినవి కొన్ని.

ఎనిమిది పిన్నుల తీగ లేనివారికి దుకాణములలో చిన్న మార్పిడి తీగ నొకదానిని ఇత్తురు. ఒక కొన హార్డుడిస్కుకు పెట్టు సాటా తీగకు తగిలించి, రెండవ కొన కార్డునకు పెట్టుట. చూచుటకు ముచ్చటగ నుండును. కాని సాటా కొసలో 12 వోల్టులకై యున్న పిన్నులు మూడు. ఒక్కొక్కదాని శక్తి ఒకటిన్నర ఆంపియర్లు. అన్నియు కలిపి 54 వాట్లు. దానిచేత 150 వాట్ల బరువు మోయింపబూనుట మేకచేత బండి లాగించుటయే. పిన్నులు కాగి ప్లాస్టిక్కు కరగును, అంతట నిలువక మంట పుట్టుటయు కలదు. ఆ మార్పిడి తీగ ఖరీదు నూరు రూపాయలు. ఇతరుల యింటిలో చూచినను తీసివేయుడని చెప్పుచున్నాము.

రెండవది, ప్రాసెసరు కొఱకు వచ్చు ఎనిమిది పిన్నుల తీగ. కార్డు తీగయు ఎనిమిది పిన్నులే. దూరమునుండి కవలపిల్లలవలె నుండును. కాని ఒకదానిలో 12 వోల్టులున్నచోట రెండవదానిలో భూమి తీగ యుండును. పిన్నుల ఆకారములలో భేదముంచి ఒకటి మరియొకచోట దిగకుండ చేసిరి. బలవంతమున నొక్కువారికి మాత్రము ఆ ఏర్పాటు అడ్డురాదు. తీగ సుఖముగ దిగకున్నచో చేయి తీసి, దానిపై ఏమి వ్రాసియున్నదో చదువుడు.

మూడవది తెలిసినవారు గూడ చేయు తప్పు. కొన్ని ఎస్.ఎం.పి.ఎస్. లకు తీగలు ఊడదీయుటకు వీలగును. పాత డబ్బా మార్చి కొత్తది పెట్టునపుడు, తీగలు బాగుగనే యున్నవిగదా యని పాతవాటినే ఉంచి కొత్త డబ్బాకు తగిలింతురు. కార్డువైపు కొసకు నియమము గలదు గాని, డబ్బావైపు కొసకు నియమము లేదు. కంపెనీ కొక పద్ధతి, ఒక్కొక్కప్పుడు ఒకే కంపెనీలో రెండు పద్ధతులు. ఇట్లు తగిలించి మీట నొక్కిన క్షణముననే డిస్కులు, బోర్డు కాలిపోయిన సందర్భములు గలవు. డిస్కుతో పోవునవి దానిలోని పెండ్లి ఫొటోలు, పిల్లల చిన్ననాటి వీడియోలు. డబ్బాతో వచ్చిన తీగలను ఆ డబ్బాతోనే వాడవలెను.

పెద్ద కార్డులు కొనువారికి మరియొక మాట. 2022 అక్టోబరులో ఆర్.టి.ఎక్స్. 4090 బజారులోనికి వచ్చినపుడు, దానితో వచ్చిన పదునారు పిన్నుల కొత్త తరహా నోరు కొందరియొద్ద కరగిపోయినది. తీగ కొస పూర్తిగ లోనికి దిగకపోవుట ఒక ముఖ్య కారణమని ఎన్‌విడియా కంపెనీ ప్రకటించినది. 2023 లో ఆ నోటి పిన్నుల పొడవులను సవరించిరి. అయినను, కొస చివరివరకు దిగినదో లేదో దీపము వేసి చూచుటయు, నోటి దగ్గరనే తీగను పెడసరముగ వంచకుండుటయు నేటికిని అవసరమే.

కరెంటు సంగతి తీరినది. ఇక చోటు. దీనికి కావలసిన పరికరము స్కేలు. కార్డు పొడవు, ఎత్తు, మందము అను మూడు కొలతలును తయారీదారుల పత్రములలో మిల్లీమీటర్లలో నుండును. ఆర్.టి.ఎక్స్. 4090 పొడవు 304 మిల్లీమీటర్లు, అనగా అడుగు స్కేలుతో సరి. ఇతర కంపెనీలు అదే కార్డును మూడు ఫ్యానులతో చేసినవి ఇంకను పొడవు. క్యాబినెట్టు వెనుకగోడనుండి ముందు ఫ్యానువరకు కొలువవలెను, ముందరి రేకువరకు కాదు. పాత క్యాబినెట్టులలో హార్డుడిస్కుల అర సరిగా కార్డు దారికి అడ్డముగ నుండును. మందము విషయమున, స్లాటుకు స్లాటుకు నడిమి దూరము 20.32 మిల్లీమీటర్లు. రెండు స్లాటుల మందమని చెప్పిన కార్డు తన క్రిందనున్న స్లాటును కప్పివేయును. అక్కడ వైఫై కార్డో, సౌండు కార్డో ఉన్నవారు దానిని వేరొకచోటికి మార్చగలరో లేదో ముందే చూచుకొనవలెను. మా స్టూడియోలో సౌండు కార్డు ఈ విధముగనే ఒకసారి నిరాశ్రయమైనది.

కార్డు ఎత్తును మరచువారు చాలమంది. అద్దపు తలుపు గల క్యాబినెట్టులో కార్డు దిగినను, దాని నెత్తిన పెట్టిన తీగ వంగుటకు చోటు చాలక తలుపు మూతపడదు. సన్నరకపు ఆఫీసు పెట్టెలకు లో ప్రొఫైల్ అను పొట్టి కార్డులు వేరుగ గలవు. పొట్టి కార్డు కొన్నపుడు దాని పెట్టెలో పొట్టి రేకును ఉన్నదో లేదో చూడవలెను. పొడుగు రేకుతోనే వచ్చిన పొట్టి కార్డు సన్నని పెట్టెలో దిగదు.

మానిటరు సంగతి చాలమందికి ఇంటికి వచ్చినతరువాతనే జ్ఞప్తికి వచ్చును. నీలిరంగు కొస గల వి.జి.ఎ. తీగతో పనిచేయు మానిటర్లు మన ఇండ్లలో ఇంకను చాల గలవు. కొత్త కార్డులలో ఆ నోరు లేదు. ఎన్‌విడియావారు 2016 లో వచ్చిన జీఫోర్స్ 10 వరుసతోనే అట్టి సంకేతమును మానివేసిరి. హెచ్.డి.ఎం.ఐ. నుండి వి.జి.ఎ. కు మార్చు పరికరము దొరకును; అది లోపల చిప్పు గలదై యుండవలెను, వట్టి తీగ పనిచేయదు. అయితే ఇంత సొమ్ము కార్డుపై పెట్టి, చిత్రమును పదిహేనేండ్ల నాటి మసక తెరపై చూచుట యేమని మాకు తోచును.

బోర్డులోని మూలప్రోగ్రామును, అనగా బయాస్‌ను గూర్చి రెండు మాటలు. 2012 కు ముందటి బోర్డులు కొన్ని కొత్త కార్డులను గుర్తింపక, మీట నొక్కినను తెరపై ఏమియు చూపవు. బోర్డు తయారీదారులు విడుదల చేసిన కొత్త బయాస్ ఉన్నదేమో చూచి, పాత కార్డు ఉన్నపుడే దానిని ఎక్కించుట మేలు. కరెంటు పోవు వేళలలో ఆ పని పెట్టుకొనరాదు. ఇంటెల్ కంపెనీ 2022 నుండి అమ్ముచున్న ఆర్క్ కార్డులను కొనువారు తమ బోర్డులో రీసైజబుల్ బార్ అను సౌకర్యము ఉన్నదో లేదో తప్పక చూడవలెను. అది లేనిచోట ఆ కార్డుల వేగము బాగుగ తగ్గునని కంపెనీయే చెప్పుచున్నది. విండోస్ 32 బిట్టుల రకము వాడువారికి కొత్త కార్డుల డ్రైవర్లు దొరకవు. విండోస్ 10 కు మైక్రోసాఫ్ట్ సాధారణ పోషణ 2025 అక్టోబరు 14 తో ముగిసినది గనుక, కార్డుతోబాటు ఆ సంగతియు ఆలోచించుకొనుట మంచిది.

ప్రాసెసరు చాల పాతదైనచో కార్డు ఎంత గొప్పదైనను దానికి పని అందక ఊరక కూర్చుండును. ఇందు ఖచ్చితమైన సూత్రము లేదు. చేయు పనినిబట్టి మారును. భవనముల చిత్రములు తయారుచేయు ప్రోగ్రాములలో చాలవరకు భారము కార్డుపైననే పడును. ఆటలలో ప్రాసెసరు వాటా ఎక్కువ. ఎనిమిదేండ్ల నాటి ప్రాసెసరుతో ఆటలాడువారు నడితరగతి కార్డుతో తృప్తిపడుట ఉచితము.

ఈ వివరములన్నియు ఎక్కడ దొరకునని అడుగవచ్చును. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెదకి తెరచినచో బోర్డు పేరు, ప్రాసెసరు పేరు, బయాస్ తేదీ కనబడును. ఎస్.ఎం.పి.ఎస్. పేరు మాత్రము ఏ తెరపైనను కనబడదు. ప్లగ్గు తీసి, మూత విప్పి, చీటీ చదువవలసినదే. పెద్ద కంపెనీల బ్రాండెడ్ యంత్రములలో ఎస్.ఎం.పి.ఎస్. ఆకారమును, బోర్డునకు పోవు తీగ పిన్నులును ఆ కంపెనీకే ప్రత్యేకముగ నుండుట కలదు. అట్టిచోట బజారు డబ్బా కొని మార్చుదమన్నను సాగదు. దుకాణములో మన ఎదుట భాగములు పేర్చి ఇచ్చు అసెంబుల్డ్ యంత్రములకు ఈ చిక్కు లేదు.

పాత కార్డు కొనదలచినవారు గమనింపవలసినది. 2022 సెప్టెంబరులో ఇథీరియం అను డిజిటలు నాణెము తన పద్ధతి మార్చుకొనుటతో, దాని గణనకై రాత్రింబగళ్లు నడిచిన కార్డులు లోకమంతట బజారున పడినవి. వాటన్నియు చెడ్డవని అనలేము, ఫ్యానులు అరిగియుండును. ఇవిగాక, ఎప్పటివో కార్డులలోని మూలప్రోగ్రామును మార్చి, కొత్త పేరు చూపునట్లు చేసి అమ్ము మోసమును కలదు. జీపీయూ-జెడ్ అను ఉచిత ప్రోగ్రాము ఇట్టివాటిని చాలవరకు పట్టియిచ్చును. అమ్మువారి యంత్రములోనే దానిని నడిపించి చూచి, తరువాత సొమ్మియ్యవలెను.

బిగించుట నిజముగ పది నిమిషముల పనియే. ప్లగ్గు తీసి, మీటను ఒకసారి నొక్కి మిగిలిన విద్యుత్తును పోనిచ్చి, క్యాబినెట్టు ఇనుపభాగమును చేతితో తాకి, పిదప కార్డును అంచులు పట్టుకొని నిలువుగ నొక్కవలెను. స్లాటు చివరనున్న కొక్కెము టక్కుమనును. తరువాత మానిటరు తీగను కార్డునకే పెట్టవలెను. బోర్డుపై నున్న పాత నోటిలోనే తీగను ఉంచి, కార్డు పనిచేయుటలేదని దుకాణమునకు ఫోను చేసినవారు మా కార్యాలయముననే ఇద్దరు గలరు. ఆ ఇద్దరిలో ఒకరు ఈ ప్రసంగము వ్రాయుచున్నవారే.

మా అన్నగారి అబ్బాయి సంగతి సగములో విడిచితిమి. ఆ రాత్రి అతడు ఏమియు తినలేదు. ఎస్.ఎం.పి.ఎస్., క్యాబినెట్టు మార్చుదమన్నచో బోర్డు ఆ కంపెనీ ప్రత్యేకపు కొలత. బోర్డు మార్చుదమన్నచో కంప్యూటరు మొత్తము మార్చినట్లే. మరునాడు మేమును వెంట పోయితిమి. కార్డు నడిపింపలేదు గనుక దుకాణమువారు 2,500 రూపాయలు తగ్గించుకొని తిరిగి తీసికొనిరి. “వాడే చూసుకుని కొన్నానన్నాడండీ, మేమెలా కాదంటాం” అని వారి మాట. దానిలో న్యాయము లేకపోలేదు.

ఈసారి కాగితముపై కొలతలు వ్రాసికొని పోయితిమి. స్లాటు 75 వాట్లిచ్చునని యంత్రపు మాన్యువలులో చూచితిమి. కొన్ని సన్నరకపు యంత్రములలో అంతయు ఇయ్యదు. 2024 లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 3050 లో ఆరు జీబీల రకమునకు 70 వాట్లు చాలును, వేరే తీగ అక్కరలేదు, సూచించిన ఎస్.ఎం.పి.ఎస్. 300 వాట్లు. దానిలో పొట్టి కార్డు దొరకినది. పొట్టి రేకు పెట్టెలోనే యుండెను. మందము రెండు స్లాటులు, క్రింద ఖాళీయే.

మొదటి కార్డులో మెమొరీ పండ్రెండు జీబీలు, దీనిలో ఆరు. పెద్ద నమూనాలను అబ్బాయి రెండు ముక్కలుగ విడదీసి చేసికొనవలసి వచ్చినది. అయినను రాత్రియంతయు పట్టు చిత్రము గంటన్నరలో అయినది. గడువునకు రెండు దినములముందే కాలేజీలో ఒప్పగించెను. మా అన్నగారి ఇంటికి వెల్ల మాత్రము దసరాకు వాయిదా పడినది. మూత బిగించుటకు ముందు అబ్బాయి ఎస్.ఎం.పి.ఎస్. మీది చీటీని ఫోనులో ఫొటో తీసికొని, తన స్నేహితులు కార్డు కొందమన్నపుడెల్ల మొదట వారి చీటీ ఫొటో పంపమని అడుగుచున్నాడు.